ఊక బూడిద పొడితో సిమెంటు ఆదా అంటున్న చిన్న కంపెనీలో పది లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి

అందరికీ నమస్కారం. నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో స్టీల్ మెల్టింగ్ షాపులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి, రెండేళ్ల కిందట పదవీ విరమణ చేసి, ప్రస్తుతం కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. పీఎఫ్, గ్రాట్యుటీగా వచ్చిన డబ్బు చాలావరకు బ్యాంకులోనూ పోస్టాఫీసులోనూ ఉంది. అందులోంచి పది లక్షలు తీసి ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో వాటా కొనమని మా తోడల్లుడు నాలుగు నెలలుగా అడుగుతున్నారు. తోడల్లుడి మాట కాబట్టి కాదనలేకపోయాను, డబ్బు పెద్దది కాబట్టి అవుననలేకపోయాను.

కంపెనీ ఆటోనగర్‌లో ఒక అద్దె షెడ్డులో ఉంది. రైసు మిల్లుల బాయిలర్లలో మిగిలే ఊక బూడిదను తెచ్చి, మెత్తగా నూరి, తాము పేరు చెప్పని మరొక రసాయనం కలిపి వీరు ఒక పొడి తయారు చేస్తున్నారు. మామూలుగా ఘనపు మీటరు కాంక్రీటుకు 340 కిలోల సిమెంటు పడుతుంటే, తమ పొడి 17 కిలోలు కలిపితే 272 కిలోలు చాలునని, అంటే సిమెంటులో 20 శాతం మిగులుతుందని, బలం తగ్గకపోగా పెరుగుతుందని వారి మాట. పొడి ధర కిలో 25 రూపాయలు.

నేను ఒక శనివారం స్వయంగా వెళ్లి చూశాను. నీళ్ల తొట్టిలోంచి ఇరవై ఎనిమిది రోజులు నిండిన కాంక్రీటు క్యూబులు తీసి, గుడ్డతో తుడిచి, నా ఎదుటే యంత్రంలో పెట్టి నొక్కారు. మామూలు సిమెంటుతో చేసిన క్యూబు 640 కిలోన్యూటన్ల దగ్గర పగిలింది. పొడి కలిపిన క్యూబు 780 వరకు నిలబడి, అంచుల దగ్గర నిలువుగా బీటలు తీసి, తరువాత ఒక్కసారిగా విచ్చుకుంది. ఆ చప్పుడు విని మా తోడల్లుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తరువాత అదే రెండు రకాల మాలు ఎలా కలుపుతారో కూడా చూపించారు. మామూలు మాలు కదలడం లేదని కుర్రవాడు మరో అర బకెట్ నీళ్లు పోశాడు. పొడి కలిపిన దానిలో తక్కువ నీళ్లు పోసి, మాలు బాగా కదలడానికి అంటూ ఒక డబ్బాలోంచి గోధుమ రంగు ద్రవం కొలిచి వేశారు. కంపెనీ పెట్టిన యువకుడు సివిల్ ఇంజినీరు, మర్యాదస్తుడు, అడిగిన ప్రతిదానికీ ఓపికగా సమాధానం చెప్పాడు.

పది లక్షలకు ఒక శాతం వాటా ఇస్తామంటున్నారు. రెండేళ్ల తరువాత కావాలంటే కంపెనీయే వాటాను వెనక్కి కొంటుందని, అంతవరకు ఏటా 18 శాతం తప్పకుండా ఇస్తుందని మా తోడల్లుడు చెబుతున్నారు. పేటెంటు ఉందని ఒక కాగితం, ప్రయోగం సంతృప్తికరంగా ఉందని ఒక ఆర్‌ఎంసి ప్లాంటు (కాంక్రీటు కలిపి ట్రక్కుల్లో పంపేది) ఇచ్చిన ఉత్తరం చూపించారు. పెట్టుబడి వివరాలు మాత్రం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చాయి.

ఉక్కు గురించి నాకు కొంత తెలుసు గానీ కాంక్రీటు గురించి తెలియదు. యంత్రం మీద ముల్లు నా కళ్ల ముందే కదిలింది కాబట్టి అబద్ధమని అనలేను. అయినా మనసులో ఏదో ముల్లు మిగిలే ఉంది. తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

సమాధానం: ఆర్‌ఎంసి ప్లాంటు, క్వాలిటీ విభాగం, మధురవాడ

నమస్కారమండీ. మీ ప్రశ్నలో మీరు యథాలాపంగా రాసిన ఒక్క వాక్యంలోనే సగం సమాధానం ఉంది. ఆ గోధుమ రంగు ద్రవం.

అది దాదాపు ఖాయంగా సూపర్ ప్లాస్టిసైజర్. మేము ప్లాంటులో రోజూ వాడేదే. దాని పని నీళ్లు తగ్గించడం. కాంక్రీటు బలం ప్రధానంగా నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుందని, అది తగ్గేకొద్దీ బలం పెరుగుతుందని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే చూపించాడు. ఉదాహరణకు 340 కిలోల సిమెంటులో 187 లీటర్ల నీళ్లు పోస్తే నిష్పత్తి 0.55 అవుతుంది. 272 కిలోల సిమెంటులో ఆ ద్రవం సాయంతో 140 లీటర్లకే మాలు కదిలితే నిష్పత్తి 0.51 చిల్లర. సిమెంటు తగ్గినా, నీళ్లు అంతకన్నా ఎక్కువ పాళ్లలో తగ్గాయి కాబట్టి క్యూబు గట్టిగా వస్తుంది. దీనికి ఊక బూడిద అవసరం లేదు. పైగా కుర్రవాడు మామూలు మాలులో మరో అర బకెట్ నీళ్లు పోశాడన్నారు. ఆ అర బకెట్టుతో పోటీ అక్కడే ముగిసిపోయింది.

మీరు చూసిన అంకెలు అబద్ధం కావు. 150 మిల్లీమీటర్ల క్యూబుకు 640 కిలోన్యూటన్లు అంటే 28.4 మెగాపాస్కల్స్ (బలాన్ని కొలిచే ప్రమాణం), 780 అంటే 34.7. రెండూ నమ్మదగినవే. ఆ 6.3 తేడాలో పొడి వాటా ఎంత, ద్రవం వాటా ఎంత అన్నది మాత్రం ఆ ప్రదర్శనలో తేలదు. తేలాలంటే మూడో రకం మాలు కావాలి: 272 కిలోల సిమెంటు, అదే ద్రవం, పొడి మాత్రం లేకుండా. ఆ మూడో క్యూబును నొక్కిన తరువాతే వారి పొడి విలువ తెలుస్తుంది. ఆ యువకుడు మోసం చేశాడని నేను అనడం లేదు. కొత్తగా తయారు చేసినవారు తమ సరుకు మీద ప్రేమతో ఈ పొరపాటు తరచుగా చేస్తారు. మా ప్లాంటుకు వచ్చే ప్రతినిధులలో సగం మంది ఇదే లెక్క తెస్తారు.

ఇక డబ్బు లెక్క చూద్దాం. బస్తా 350 రూపాయలు అనుకుంటే కిలో సిమెంటు 7 రూపాయలు. 68 కిలోలు మిగిలితే 476 రూపాయలు. వారి పొడి 17 కిలోలకు 425 రూపాయలు. తేడా 51 రూపాయలు, ద్రవం ఖరీదు కలపకముందు. ద్రవం సిమెంటులో ఒక శాతం వేసినా 2.7 కిలోలు పడుతుంది, దానితో ఆ 51 రూపాయలు కూడా హారతి కర్పూరమే. అదీ చిల్లర బస్తా ధరతో వేసిన లెక్క. మాలాంటి ప్లాంట్లు బస్తాలు కొనవు, బల్కర్లలో (పొడి సిమెంటు తెచ్చే ట్యాంకర్లలో) సిమెంటు దింపుకుంటాయి, అది ఇంకా చవక.

మీరు ఉక్కు కర్మాగారంలో పనిచేశారు కాబట్టి మిగిలిన మాట మీకు సులభంగా అర్థమవుతుంది. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము తీయగా మిగిలే స్లాగును నీళ్లతో చల్లార్చి నూరితే వచ్చే పొడిని మేము సిమెంటుకు బదులుగా కలుపుతాము. దానికి ఐఎస్ 16714 అనే భారతీయ ప్రమాణం 2018 నుంచి ఉంది. స్లాగ్ సిమెంటు ప్రమాణమైన ఐఎస్ 455 స్లాగును 25 నుంచి 70 శాతం వరకు అనుమతిస్తుంది. పరవాడ సింహాద్రి థర్మల్ ప్లాంటు నుంచి ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద, వస్తుంది. అంటే విశాఖలో ఈ పొడికి అసలు పోటీ సిమెంటు కాదు, మన గుమ్మం ముందు ఉన్న స్లాగు, ఫ్లై యాష్. మరో ఊళ్లో ఈ కంపెనీకి కొంత అవకాశం ఉండేదేమో గానీ, స్లాగు కొండలున్న ఊరికి వచ్చి సిమెంటు ఆదా అమ్మాలనుకోవడం కొంచెం సాహసమే.

మరొక చిక్కు ఇంతకన్నా పెద్దది. కాంక్రీటు నిర్మాణాల ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సిసి (కమ్మీలు వేసిన కాంక్రీటు) పనిలో, అతి తేలికైన వాతావరణంలో కూడా, ఘనపు మీటరుకు కనీసం 300 కిలోల సిమెంటు ఉండాలి. సముద్ర తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటు తీవ్ర తరగతిలోకి వస్తుంది. దానికి కనీసం 320 కిలోలు, నీటి నిష్పత్తి 0.45 మించకూడదు, గ్రేడు ఎం30కు (30 మెగాపాస్కల్స్ బలానికి) తగ్గకూడదు. అదనంగా కలిపే పొడులను ఈ లెక్కలో చేర్చుకోవచ్చు. అలా చేర్చినా 272 కిలోలకు 17 కలిపితే 289 మాత్రమే. క్యూబు ఎంత గట్టిగా వచ్చినా, ఆ మిక్స్ డిజైన్ (పాళ్ల లెక్క) మీద ఏ స్ట్రక్చరల్ ఇంజినీరూ సంతకం పెట్టడు. మా దగ్గర అలాంటి ట్రక్కు గేటు దాటదు.

మీకు చూపించిన ప్లాంటు ఉత్తరంలో ఎన్ని ఘనపు మీటర్లు పోశారో, ఎక్కడ పోశారో ఉందా? ప్లాంటు ఆవరణలో గచ్చుకు ఒక ట్రక్కు పోసినా సంతృప్తికరం అనే రాస్తారు. డబ్బిచ్చి రెండోసారి కొన్న బిల్లు ఉంటే ఆ ఉత్తరం కన్నా అది మేలు.

సమాధానం: కంపెనీ చట్టాల ప్రాక్టీసు, ద్వారకానగర్

పై సమాధానం చదివిన తరువాత సాంకేతిక విషయంలో నేను చెప్పవలసింది లేదు. కాగితాల సంగతి మాత్రం చెబుతాను, ఎందుకంటే పొడి మంచిదైనా కాగితాలు సరిగా లేకపోతే మీ డబ్బు చిక్కుకుంటుంది.

ప్రైవేటు కంపెనీ బయటివారికి వాటాలు ఇచ్చేటప్పుడు 2013 కంపెనీల చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం నడుచుకోవాలి. ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో ముందే గుర్తించి, వారి పేరు మీద పీఏఎస్-4 అనే ఆఫర్ పత్రం పంపాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ఇవ్వకూడదు. నగదు తీసుకోకూడదు, డబ్బు బ్యాంకు ద్వారా ప్రత్యేక ఖాతాలోకి రావాలి. డబ్బు అందిన 60 రోజులలో వాటాలు కేటాయించాలి. లేకపోతే ఆ తరువాత 15 రోజులలో తిరిగి ఇవ్వాలి. అదీ చేయకపోతే 60వ రోజు నుంచి 12 శాతం వడ్డీ కట్టాలి. కేటాయించిన వివరాలు కంపెనీల రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేసేవరకు ఆ డబ్బును ముట్టుకోకూడదు. ఈ ఆఫర్‌ను ప్రకటనల ద్వారా గానీ ప్రచార మాధ్యమాల ద్వారా గానీ జనంలో చాటకూడదని అదే సెక్షన్ చెబుతోంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చిందన్న మీ మాట దగ్గర నేను ఆగిపోయాను. మీ పేరుతో పీఏఎస్-4 వచ్చిందా అని మీ తోడల్లుడు గారిని అడగండి. ఆయనకు ఆ పేరే తెలియకపోతే, ఆయన కూడా మీలాగే విన్న మాటను మోస్తున్నారని అర్థం.

ఏటా 18 శాతం తప్పకుండా అన్న మాట వాటాకు పొసగదు. వాటాదారుడు లాభనష్టాలలో భాగస్వామి. లాభం లేని కంపెనీ డివిడెండు ఇవ్వలేదు. ఖచ్చితమైన రాబడికి హామీ ఇచ్చి డబ్బు తీసుకుంటే అది డిపాజిట్ లక్షణం, దానికి వేరే నిబంధనలు, చాలా కఠినమైనవి, ఉన్నాయి. రెండేళ్లకు వెనక్కి కొంటామన్న హామీ సంగతీ అంతే. కంపెనీ తన వాటాలను తాను కొనాలంటే చట్టంలో పరిమితులున్నాయి. చెల్లించిన మూలధనం, స్వేచ్ఛా నిల్వలు (పంచడానికి వీలుగా మిగిలిన డబ్బు) కలిపిన మొత్తంలో 25 శాతానికి మించి కొనలేదు. నిల్వలే లేని కంపెనీకి ఆ హామీ నిలబెట్టుకునే మార్గం ఉండదు. వ్యక్తిగా ఆ యువకుడే కొంటానని ఒప్పందం రాస్తే అది వేరు, అప్పుడు చూడవలసింది ఆయన ఆస్తిపాస్తులు.

పేటెంటు కాగితం మీద ఉన్నది దరఖాస్తు సంఖ్యా, మంజూరు సంఖ్యా అన్నది చూడండి. దరఖాస్తు ఎవరైనా వేయవచ్చు, సాధారణంగా 18 నెలలకు అది ప్రచురితమవుతుంది, పరీక్ష, అభ్యంతరాలు, మంజూరు ఆ తరువాతి సంగతులు. ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన పేటెంట్ల చట్టంలోని 3(ఇ) సెక్షన్ ప్రకారం, కలిపిన పదార్థాల గుణాలు కేవలం ఒకచోట చేరడమే తప్ప కొత్త ప్రభావం రాని మిశ్రమానికి పేటెంటు రాదు. తెలిసిన బూడిదకు తెలిసిన రసాయనం కలిపినవారు ఈ గోడను దాటాలి. మధురవాడ మిత్రులు అడిగిన మూడో క్యూబే పేటెంటు ఆఫీసు కూడా వేరే భాషలో అడుగుతుంది.

పది లక్షలకు ఒక శాతం అంటే కంపెనీ విలువ పది కోట్లని. అద్దె షెడ్డు, ఒక యంత్రం, ఒక దరఖాస్తు ఉన్న కంపెనీకి ఆ విలువ ఎవరు కట్టారో, రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక ఉందో లేదో అడగండి. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో స్వల్ప రుసుము కట్టి వారి ఆదాయ వ్యయ పట్టికలు, తాకట్టు వివరాలు మీరే చూడవచ్చు. స్టార్టప్‌గా గుర్తింపు పత్రం చూపిస్తే, అది పన్ను సౌకర్యాలకూ నమోదుకూ సంబంధించినదే తప్ప, సరుకు పనిచేస్తుందని ప్రభుత్వం ఇచ్చిన హామీ కాదు.

సమాధానం: చిన్న బిల్డరు, పెందుర్తి

పెద్దలు లెక్కలు చెప్పారు. నేను జరిగింది చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక కొత్త కంపెనీ ప్రతినిధి వచ్చి, తమ పొడి కలిపితే స్లాబు నీళ్లు కారదని, వాటర్ ప్రూఫింగ్ వేరే చేయనక్కరలేదని నమ్మించాడు. పెందుర్తిలో ఒక రెండంతస్తుల ఇంటి పై స్లాబుకు వాడాను. ఆ రోజు మబ్బుగా ఉంది. సాయంత్రం ఆరు గంటలకు స్లాబు పోయడం పూర్తయింది. మరునాడు పొద్దున్న ఎనిమిదింటికి మేస్త్రీ నీళ్లు కట్టడానికి మడులు కడదామని ఎక్కి, వెంటనే దిగి వచ్చి, సార్ ఒకసారి రండి అన్నాడు. బొటనవేలితో నొక్కితే గుంట పడుతోంది. పధ్నాలుగు గంటలైనా స్లాబు పట్టలేదు. ప్రతినిధికి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంటి యజమాని కుర్చీ వేసుకుని కింద కూర్చున్నాడు, నేను పైన కూర్చున్నాను, ఇద్దరం మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం మూడింటికి గట్టిపడడం మొదలైంది. సెంట్రింగు పధ్నాలుగు రోజులకు తీయవలసింది ఇరవై ఎనిమిది రోజులు ఉంచాను, అద్దె నేనే కట్టాను, స్లాబులోంచి కోర్ (గుండ్రని ముక్క) తీయించి పరీక్ష కూడా చేయించాను. బలం సరిపోయింది. పొడి చెడ్డదని కూడా నేను చెప్పలేను. సిమెంటు బ్రాండు మారినప్పుడు ఆ పొడి దానితో ఎలా ఉంటుందో వారు చూసుకోలేదు, అంతే.

అప్పటి నుంచి కొత్త సరుకు తెచ్చినవారిని నేను అడిగేది ఒక్కటే. ఏదైనా తేడా వస్తే రాత్రి ఎవరు వస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు, అది కాగితం మీద రాసి ఇస్తారా? పది మందిలో తొమ్మిది మంది మళ్లీ రారు. మీరు అందులో వాటాదారు అవుతున్నారు కాబట్టి, ఆ ఫోన్ ఎత్తవలసిన పక్షాన మీరు ఉండబోతున్నారని గుర్తుంచుకోండి.

సమాధానం: సివిల్ ఇంజినీరింగ్ విశ్రాంత అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి బూడిద పక్షాన రెండు మాటలు చెప్పాలనిపించింది.

ఊక బూడిద పనికిరానిది కాదు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.కె.మెహతా 1970లలోనే దీని మీద పనిచేశారు. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో బూడిదలోని సిలికా కలిసి మరింత బంధక పదార్థాన్ని ఇస్తుంది, సన్నని రంధ్రాలు మూసుకుంటాయి. ఐఎస్ 456 కూడా ఊక బూడిదను పేరు పెట్టి ప్రస్తావించి, నిర్ణయాధికారి అనుమతితో వాడవచ్చునని చెప్పింది. అదే చోట ఒక హెచ్చరిక కూడా ఉంది. ఒక్కొక్క చోటి నుంచి వచ్చే బూడిదను విడిగా పరీక్షించాలని, లేకపోతే అది ఒండ్రుమట్టి అంత హాని చేయగలదని. నా విద్యార్థులకు నేను ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివి వినిపించేవాడిని.

కారణం కాల్చే పద్ధతిలో ఉంది. ఊకను సుమారు 700 డిగ్రీలు దాటకుండా అదుపులో కాలిస్తే సిలికా చురుకుగా ఉంటుంది. వేడి పెరిగితే అది స్ఫటికంగా మారి మొద్దుబారిపోతుంది. సరిగా కాలకపోతే నల్లటి బొగ్గు మిగిలి నీళ్లను, ఆ ఖరీదైన ద్రవాన్ని కూడా తాగేస్తుంది. రైసు మిల్లు బాయిలరు నడిపేవాడికి ఆవిరి కావాలి, మన సిలికా సంగతి అతనికి పట్టదు. పొద్దున్న బూడిద ఒక రంగు, సాయంత్రం మరొక రంగు. కాబట్టి ఆ యువకుడిని నేనైతే క్యూబు చూపించమనను, వరుసగా ముప్పై లోడ్ల బూడిదకు కాల్చినప్పుడు తగ్గే బరువు (మిగిలిన బొగ్గు ఎంతో దానితో తెలుస్తుంది), సిలికా శాతం రాసిన రిజిస్టరు చూపించమంటాను. అది ఉంటే అతని దగ్గర ఒక పరిశ్రమ ఉంది. అది లేకపోతే ఉన్నది ఒక మంచి శనివారం మాత్రమే.

సరఫరా మాత్రం పెద్ద సమస్య కాదు. టన్ను ధాన్యానికి సుమారు 200 కిలోల ఊక, దాన్ని కాలిస్తే సుమారు 40 కిలోల బూడిద వస్తుంది. రోజుకు వంద ఘనపు మీటర్ల కాంక్రీటుకు కావలసిన 1.7 టన్నుల బూడిద, నలభై మూడు టన్నుల ధాన్యం ఆడే మిల్లులు ఇవ్వగలవు.

కంపెనీ చేసిన తప్పు, నా దృష్టిలో, ఈ పొడిని సిమెంటు ఆదా అని అమ్మడం. దీని అసలు బలం ఉప్పును అడ్డుకోవడంలో ఉంది. బీచ్ రోడ్డులోనూ పెదవాల్తేరులోనూ బాల్కనీల కింద పెచ్చులూడి కమ్మీలు కనిపించే అపార్ట్‌మెంట్లను మనం రోజూ చూస్తున్నాము. ఉప్పులోని క్లోరైడులు కాంక్రీటు లోపలికి ఎంత సులభంగా పోతాయో చూడడానికి ఆర్‌సిపిటి పరీక్ష ఉంది. 60 వోల్టుల దగ్గర ఆరు గంటలు కరెంటు పంపి, దాటిన విద్యుదావేశాన్ని కొలుస్తారు. 1000 కూలంబుల కన్నా తక్కువైతే చాలా మంచిది, 4000 దాటితే చెడ్డది. సిమెంటు 320 కిలోల కన్నా తగ్గించకుండా ఈ పొడి కలిపి, స్లాగు కలిపిన కాంక్రీటుతో పోల్చి ఈ పరీక్ష చేయించమనండి. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో, ఆ గుర్తింపులో ఈ పరీక్ష కూడా ఉందో లేదో చూసుకుని, నమూనాలను వారే పోసుకునేలా చేయించాలి. కంపెనీ పోసి పంపిన నమూనాకు వచ్చిన నివేదికలో కింద సన్నని అక్షరాలతో ఆ మాట రాసి ఉంటుంది, చాలామంది చదవరు.

అయితే పెట్టుబడిదారుడిగా మీకు మరొక మాట. ఈ రంగంలో కాలం చాలా నెమ్మదిగా నడుస్తుంది. సిలికా ఫ్యూము అనే అతి సన్నటి సిలికా పొడిని నార్వేలో 1952లో కాంక్రీటులో పరీక్షించారు, అది విరివిగా వాడుకలోకి రావడానికి మరో రెండు దశాబ్దాలు దాటింది. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపిన సిమెంటు మీద స్విట్జర్లాండు, క్యూబా, మన ఐఐటీలు ఏళ్ల తరబడి పనిచేస్తే, మన దేశ ప్రమాణం ఐఎస్ 18189 వచ్చింది 2023లో. లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి 2007లో పుట్టిన నోవాసెమ్ అనే కంపెనీ మెగ్నీషియం సిమెంటుతో ఎంతో పేరు తెచ్చుకుంది. 2012లో డబ్బు దొరకక మూతపడి, తన హక్కులను ఆస్ట్రేలియా కంపెనీ కాలిక్స్‌కు అమ్ముకుంది. పదవీ విరమణ డబ్బుకు రెండేళ్ల గడువు, కాంక్రీటుకు ఇరవై ఏళ్ల గడువు. ఈ రెండింటికీ జాతకం కలవదు.

ప్రశ్న అడిగినవారు, ఆరు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యానికి మన్నించాలి, క్యూబులకు ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది కదా.

మీ సమాధానాలను కాగితం మీద రాసుకుని ఆ యువకుడి దగ్గరకు వెళ్లాను. మూడో మాలు మాట ఎత్తగానే కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, నిజమే సార్, అది నేను చేయలేదు, చేద్దాం రండి అన్నాడు. నా ఎదుటే మూడు రకాలూ పోశాడు, ఈసారి నీళ్లు తూకం వేసి. మూడేసి క్యూబుల సగటు ఇలా వచ్చింది. పాత పద్ధతిలో 340 కిలోల సిమెంటుతో 29.1 మెగాపాస్కల్స్. 272 కిలోలు, ద్రవం, పొడి లేకుండా 32.0. అదే దానికి పొడి కలిపితే 33.8. ముల్లు ఆగిన ప్రతిసారీ నేనే అంకె రాసుకున్నాను.

ఆఫర్ పత్రం మా తోడల్లుడి దగ్గర లేదు. పీఏఎస్-4 అంటే ఏమిటని నన్నే అడిగారు. 18 శాతం సంగతి ఆ యువకుడికి తెలియనే తెలియదు, మధ్యలో ఎవరో అన్నారట. పేటెంటు కాగితం మీద ఉన్నది దరఖాస్తు సంఖ్యే. బూడిద రిజిస్టరు ఉంది గానీ పదకొండు లోడ్లకే ఉంది, అందులో నాలుగు లోడ్లకు బొగ్గు ఎక్కువని ఎర్ర సిరాతో రాసి ఉంది. దాచకుండా చూపించాడు.

సమాధానం: ఆర్‌ఎంసి ప్లాంటు, మధురవాడ

32.0కూ 33.8కూ మధ్య 1.8. మూడు క్యూబుల సగటులో ఒక్కొక్క క్యూబు 15 శాతం వరకు అటూ ఇటూ ఉన్నా ప్రమాణం ఒప్పుకుంటుంది కాబట్టి, ఈ 1.8 నిజంగా పొడి వల్లనే వచ్చిందని చెప్పడానికి ఇంకా చాలా క్యూబులు కావాలి. ఊక బూడిద నెమ్మదిగా పనిచేస్తుంది, 90 రోజుల క్యూబులు కొన్ని ఉంచమనండి. ఎర్ర సిరాతో రాసిన రిజిస్టరు చూపించిన ఆ యువకుడంటే నాకు గౌరవం కలిగింది. ఆయనను మా ప్లాంటుకు పంపండి, స్లాగుతో పోల్చి ఒక ట్రయల్ వేద్దాం. పెట్టుబడి మాత్రం నేనైతే పెట్టను.

ప్రశ్న అడిగినవారు

నేనూ పెట్టలేదు. మా తోడల్లుడికి ఆ మాట చెప్పడానికి మా ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లాను, కాఫీ తాగి వచ్చాము, అంతవరకు బాగానే జరిగింది.

ఆ యువకుడు ప్రస్తుతానికి స్లాబుల మాట పక్కనపెట్టి, ఆ పొడితో నడక దారికి వేసే పేవర్ బ్లాకులు పోస్తున్నాడు. మా ఇంటి గేటు నుంచి మెట్ల వరకు వేయడానికి ముప్పై ఎనిమిది వేలకు ఆర్డరు ఇచ్చాను, సగం అడ్వాన్సు బ్యాంకు ద్వారానే. బ్లాకులు మొన్న దిగాయి. ఒక వరుసలో రంగు కొంచెం ముదురుగా ఉంది. ఏ లోడు బూడిదో రిజిస్టరు చూసి చెబుతానన్నాడు.